మేతలో వెల్లుల్లి, పసుపు, జామాకు: కొలత ఎకరం మీద కాదు, మేత మీద

కార్తీకం దగ్గరపడితే ఆకివీడు, ఉండి, కాళ్ళ, నిడమర్రు వైపు చెరువు గట్ల మీద ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఎకరానికి ఎన్ని కిలోల వెల్లుల్లి వెయ్యాలండీ?" సున్నానికి, ఉప్పుకి, బ్లీచింగుకి ఆ లెక్క సరిపోతుంది. అవి నీళ్ళలో కలిసేవి కాబట్టి నీరు ఎంత ఉందో చూసి వేస్తాం. మేతలో కలిపే మూలిక పనిచెయ్యాల్సింది చేప పేగులో. చేప రోజుకు ఎంత తింటోంది, మనం కలిపినదానిలో నోటిదాకా ఎంత చేరుతోంది అన్న రెండింటి మీదే దాని ఫలితం ఆధారపడుతుంది. ఎకరం లెక్కన వేసినవాళ్ళలో సగం మందికి డోసు చాలదు, మిగతావాళ్ళకి ఎక్కువైపోతుంది. ఆ తర్వాత "మూలికలతో లాభం లేదు" అన్న మాట ఊరంతా తిరుగుతుంది.

ముందు దీని హద్దు ఎక్కడో తెలుసుకోవాలి. మూలికల మేత జబ్బు రాకముందు ఇచ్చేది. చేపకి ఒంటి మీద ఎర్ర మచ్చలు పడి, పొలుసులు లేచి, గట్టు పక్కకి వచ్చి నిలబడిపోయాక మేతలో ఏం కలిపినా ఉపయోగం ఉండదు. జబ్బు చేప మొట్టమొదట మానేసేది తిండే. మందు కలిపిన మేత అప్పుడు తినేది ఇంకా బాగా ఉన్న చేపలు మాత్రమే. వాటికి కొంత రక్షణ దొరకొచ్చు గానీ, తేలుతున్నవాటిని అది నిలబెట్టదు.

శీలావతి, బొచ్చె చెరువుల్లో మనల్ని ఎక్కువగా దెబ్బతీసే ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా ఎక్కడి నుంచో వచ్చేది కాదు. అది చెరువు నీళ్ళలో, అడుగు బురదలో ఎప్పుడూ ఉంటుంది. ఆక్సిజన్ తగ్గినా, అమ్మోనియా పెరిగినా, వల లాగినప్పుడు పొలుసు ఊడినా, చేప పేను కుట్టినా దానికి దారి దొరుకుతుంది. కడుపు ఉబ్బడం, ఎర్ర మచ్చలు, తోక, రెక్కలు చివికిపోవడం ఇలా వచ్చేవే. చేపకి మనలాగా ఒక్కో క్రిమిని గుర్తుపట్టి పోరాడే శక్తి ఉన్నా అది నెమ్మది, నీళ్ళు చల్లబడితే మరీ నెమ్మది. అందుకే చేప ఎక్కువగా పుట్టుకతో వచ్చిన రక్షణ మీద బతుకుతుంది: ఒంటి మీది జిగురు, ఆ జిగురులోనూ రక్తంలోనూ ఉండి బాక్టీరియా గోడను కరిగించే లైసోజైమ్, క్రిములను మింగేసే తెల్ల కణాలు. వెల్లుల్లి, పసుపు, జామాకు లాంటివాటిని తగిన మోతాదులో కొన్ని వారాలు పెడితే ఈ రక్షణే చురుకవుతుందని శీలావతి మీద మన దేశంలోనే పదేపదే పరీక్షించి చూశారు. పేగులో చెడ్డ బాక్టీరియాను కొంత అణచడం, మేత బాగా అరగడం దానికి తోడు.

మోతాదు పెంచితే ఫలితం పెరుగుతూ పోదు. ఒక స్థాయి దాకా పెరిగి అక్కడి నుంచి పడిపోతుంది. ఎక్కువ రోజులు ఆపకుండా పెట్టినా అంతే. అందుకే ఇందులో తక్కెడ ఎంత ముఖ్యమో క్యాలెండరూ అంతే ముఖ్యం.

వెల్లుల్లి

పని చేసేది అల్లిసిన్ అనే పదార్థం. చెయ్యి పడని వెల్లుల్లి రెబ్బలో అది ఉండదు. రెబ్బలో వేరువేరు గదుల్లో ఉన్న అల్లియిన్, అల్లినేజ్ అనే ఎంజైము రెబ్బ నలిగినప్పుడు కలుస్తాయి, అప్పుడు అల్లిసిన్ పుడుతుంది. ఇక్కడే రెండు తప్పులు జరుగుతుంటాయి. మెత్తగా నూరకుండా కచ్చాపచ్చాగా దంచి వేస్తే సగం రెబ్బలు అలాగే ఉండిపోతాయి. వేడి గంజిలో వేస్తే ఎంజైము చచ్చిపోతుంది, వాసన ఉంటుంది గానీ పని ఉండదు. మిక్సీలో గానీ గ్రైండరులో గానీ కొద్దిగా చల్లటి నీళ్ళు పోసి మెత్తగా రుబ్బి, పది నిమిషాలు మూతపెట్టి ఉంచి, గంటలోపు మేతకి పట్టించాలి. రాత్రి రుబ్బి పొద్దున్న కలిపితే అల్లిసిన్ కొంత విరిగిపోయి ఉంటుంది.

కొలత: ఎండు పొడి అయితే కిలో మేతకి 5 గ్రాములు, గట్టిగా ఇవ్వాలనుకుంటే 10 గ్రాములు. పచ్చి వెల్లుల్లిలో మూడింట రెండు వంతుల దగ్గర నీళ్ళే కాబట్టి పచ్చిది కిలో మేతకి 15 నుంచి 30 గ్రాములు. 15తో మొదలుపెట్టండి. కొన్న పొడి విషయంలో జాగ్రత్త కావాలి. ఎక్కువ వేడిలో ఆరబెట్టిన పొడిలో ఎంజైము మిగలదు. చిటికెడు పొడిని చల్లటి నీళ్ళలో తడిపి ఐదు నిమిషాలాగి వాసన చూడండి. తడిపాక ఘాటు పెరిగితే ప్రాణం ఉన్న పొడి. పొడిగా ఉన్నప్పటి వాసనే ఉంటే దాని మీద డబ్బు పెట్టొద్దు.

పసుపు

ఇందులో పనిచేసే కుర్కుమిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. పసుపుని నీళ్ళలో కలిపి మేత మీద చల్లడం అందుకే వృథా. నీళ్ళలో కలిసినట్టు కనిపిస్తుంది గానీ ఆ నలుసులు మేతని పట్టుకోవు, చెరువులో పడగానే విడిపోతాయి. తవుడు నూనెలో కలపండి. ఇంకో రెండు శత్రువులు ఎండ, క్షారం. పసుపు పట్టించిన మేతను కళ్ళం మీద ఎండలో పరిచితే కుర్కుమిన్ పాడవుతుంది, నీడలోనే ఆరాలి. సున్నం, సోడా తగిలినా పాడవుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణిగా ఎర్రబడేది ఈ కుర్కుమిన్ మారిపోవడం వల్లే. సున్నం కలిపిన తొట్టి, సున్నం తాకిన పార దీనికి వాడొద్దు.

కొలత కిలో మేతకి 3 నుంచి 5 గ్రాములు. పొట్లాల పొడి కొనకుండా కొమ్ములు కొని మర పట్టించుకోవడం మేలు. దుగ్గిరాల మార్కెట్టు మనకి దూరం కాదు, చుట్టుపక్కల కొట్లలో కొమ్ములు ఎప్పుడూ దొరుకుతాయి. విడి పొడిలో రంగు కలపడం, అందులోనూ సీసం ఉన్న రంగు కలపడం ఈ దేశంలో కొత్త కాదు. ఆ సీసం చేపలోకి, చేప నుంచి మనిషిలోకి వెళ్తుంది. పొడిని పల్చటి గుడ్డలో వస్త్రగాళితం పట్టండి. నలుసు ఎంత సన్నగా ఉంటే అంత బాగా అంటుకుంటుంది.

బజారులో "95 శాతం కుర్కుమిన్" అని అమ్మేదానికీ పసుపు పొడికీ తేడా మర్చిపోకండి. మామూలు పసుపులో కుర్కుమిన్ 2 నుంచి 5 శాతం మాత్రమే. అంటే 5 గ్రాముల పసుపులో ఉండేది 0.1 నుంచి 0.25 గ్రాము. 95 శాతం సరుకు 5 గ్రాములు వేస్తే అది తక్కువలో తక్కువ 95 గ్రాముల పసుపుతో సమానం. చేపకి అది రక్షణ కాదు, మోతాదు దాటడం.

జామాకు

గోదావరి జిల్లాల్లో జామ చెట్టు లేని దొడ్డి అరుదు కాబట్టి ఇది అందరికీ అందేది. పురుగుమందు కొట్టని చెట్టు నుంచి, మరీ లేత చిగురూ మరీ ముదురూ కాని ఆకు కొయ్యాలి. కడిగి నీడలో నాలుగైదు రోజులు ఆరబెడితే చేత్తో నలిపినప్పుడు పెళపెళలాడాలి. వంగితే ఇంకా ఆరలేదని లెక్క, ఆ స్థితిలో డబ్బాలో పోస్తే బూజు పడుతుంది. పొడిచేసి కిలో మేతకి 5 గ్రాములు. దీన్ని కషాయంగా కూడా ఇవ్వొచ్చు, వెల్లుల్లిలా వేడికి పాడయ్యేది కాదు. 25 కిలోల మేతకి 125 గ్రాముల పొడిని రెండు లీటర్ల నీళ్ళలో వేసి లీటరు అయ్యేదాకా మరిగించి వడకట్టి చల్లార్చాలి. 5 గ్రాములు దాటొద్దని చెప్పడానికి కారణం దీనిలోని వగరు. ఆ వగరిచ్చే టానిన్లు మేతలోని మాంసకృత్తులని పట్టేసుకుని అరగనివ్వవు. జబ్బు రాకపోవచ్చు గానీ తూకం రాదు.

తులసి, ఉసిరి, తిప్పతీగ, అల్లం కూడా వాడేవాళ్ళున్నారు. తులసి ఆకు పొడికి జామాకు కొలతే సరిపోతుంది. నేలవేము మహా చేదు. మేత మానేస్తే ఏ మూలికా లోపలికి వెళ్ళదు కాబట్టి దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

వేప గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. "వేప చెట్టుదేగా, ఏమవుతుంది" అనుకుని వేప నూనె, వేప గింజల కషాయం మేతలో పోసే అలవాటు కొందరికి ఉంది. వేపలోని పదార్థాలు మోతాదు దాటితే చేపకి విషమే, మొప్పలు దెబ్బతింటాయి. మేతలోంచి దాన్ని దూరంగా ఉంచండి. చెట్టు నుంచి వచ్చిందల్లా చేపకి మంచిది కాదనడానికి మన దగ్గర ఉన్న పెద్ద రుజువు ఇప్ప చెక్క, అంటే ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి. పిల్ల వెయ్యబోయే ముందు చెరువులో మిగిలిన కొర్రమేను, జల్లలు చచ్చిపోవాలని మీటరు లోతు నీళ్ళకి ఎకరాకి దాదాపు 1000 కిలోలు వేస్తాం కదా, అదీ మొక్క సరుకే. హేచరీల వాళ్ళు తల్లి చేపల మేతలో వేప, బొప్పాయి గింజల పొడి రెండూ కలపకూడదు. రెండింటికీ సంతాన శక్తిని తగ్గించే గుణం ఉంది.

లెక్క కట్టడం

ఎకరం చెరువులో 2000 శీలావతి, సగటు బరువు అరకిలో అనుకుందాం. మొత్తం 1000 కిలోల చేప. రెండున్నర శాతం మేత అంటే రోజుకు 25 కిలోలు. ఈ 25 కిలోలకి పచ్చి వెల్లుల్లి 375 గ్రాములు, పసుపు 75 నుంచి 125 గ్రాములు. అదే ఎకరంలో చేప కిలో సైజుకి వచ్చి 2000 కిలోలు ఉంటే, మేత రెండు శాతానికి తగ్గినా రోజుకు 40 కిలోలు, వెల్లుల్లి 600 గ్రాములు. ఎకరం మారలేదు, డోసు మారింది. సగటు బరువు ఊహించి చెప్పడం కాకుండా విసురు వలతో చెరువు నాలుగు మూలలా పట్టి తూచాలి. మేత సంచుల దగ్గర మాత్రమే పడితే ఎప్పుడూ పెద్ద చేపలే వస్తాయి, లెక్క తప్పుతుంది.

ఇందులోనే చలికాలానికి సంబంధించిన చిక్కు ఒకటి దాగి ఉంది. నీళ్ళు చల్లబడితే చేప తినడం తగ్గిస్తుంది. 25 కిలోలు తినే చెరువు 10 కిలోలకి దిగిందనుకోండి. కిలోకి 5 గ్రాముల లెక్కన 125 గ్రాములు వెళ్ళాల్సిన పసుపు 50 గ్రాములే వెళ్తుంది. జబ్బు ఎక్కువొచ్చే రోజుల్లోనే రక్షణ సగానికి తక్కువైపోతుంది. దాన్ని పూడ్చాలని కిలోకి 12 గ్రాములు కలిపితే ఘాటుకి ఆ 10 కిలోలు కూడా తినదు. దీనికి దారి ఒక్కటే, చలి ముదరకముందే కోర్సు పూర్తిచెయ్యడం.

వెల్లుల్లి, పసుపు ఒక కోర్సులో కలిపి ఇవ్వొచ్చు. జామాకుని వేరే కోర్సుకి ఉంచుకోండి. మూడు నాలుగు రకాలు ఒకేసారి కలిపితే ఏది పనిచేసిందో, ఏది మేత మాన్పించిందో తెలియదు.

పట్టించడం

తేలే పెల్లెట్ (గుళికల మేత) వాడే ఫంగస్ (పంగాసియస్ చేప) చెరువుల్లో పని సులువు. 25 కిలోల పెల్లెట్‌కి వెల్లుల్లి ముద్దని ఒకటిన్నర లీటరు చల్లటి నీళ్ళలో కలిపి గుడ్డలో వడకట్టాలి. అందులో జిగురుకి పల్చటి సగ్గుబియ్యం గంజి చల్లారాక కలపండి. 200 గ్రాముల సగ్గుబియ్యం చాలు, దాన్ని ఉడికించే నీళ్ళు కూడా ఆ ఒకటిన్నర లీటరులోనే లెక్క. గంజిలో వేలు పెట్టి హాయిగా ఉంచగలిగితేనే వెల్లుల్లికి చల్లారినట్టు. టార్పాలిన్ మీద పెల్లెట్ పల్చగా పరిచి, స్ప్రేయరుతో చల్లుతూ చేత్తో తిరగేస్తుండాలి. పురుగుమందు కొట్టిన స్ప్రేయరు ఎంత కడిగినా దీనికి పనికిరాదు, కొత్తది ఒకటి దీనికే ఉంచుకోండి. ఇరవై నిమిషాలు నీడలో ఆరాక, పసుపు కలిపిన తవుడు నూనె 300 మిల్లీలీటర్లు పైపూతగా పట్టించాలి. పెల్లెట్‌కి నూనె ఎప్పుడూ చివరే. ముందు నూనె పట్టిస్తే వెల్లుల్లి నీళ్ళు పెల్లెట్ లోపలికి దిగవు. నీళ్ళు ఎక్కువైతే పెల్లెట్ ఉబ్బి పొడైపోతుంది, తేలాల్సింది మునుగుతుంది. కిలోకి 60 మిల్లీలీటర్లు దాటకపోతే ఆ ఇబ్బంది ఉండదు.

సంచి మేత దగ్గరే అసలు కష్టం. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి వెదురు కర్రలకి కడతాం. చేపలు ఆ చిల్లుల దగ్గర మూతితో పొడుచుకుంటూ తింటాయి. సంచి నీళ్ళలో దిగిన క్షణం నుంచి మేతలోకి నీరు చేరుతుంది. అందులో ఊరికే కలిపిన పొడి చేప పొడిచినప్పుడల్లా చిల్లుల్లోంచి పొగలా బయటికి పోతుంది. అలా కలిపితే చెరువుకి మందు వేసినట్టే గానీ చేపకి కాదు.

అందుకని 25 కిలోల మేతలో సగం మాత్రమే మందు మేతగా చెయ్యండి. వేరుశనగ చెక్క మొత్తం ఈ సగంలోకే రావాలి, దానికి జిగురుంది. పసుపుని 300 మిల్లీలీటర్ల తవుడు నూనెలో కలిపి, ముందు ఒక కిలో చెక్క పొడికి పట్టించండి, దాన్ని నాలుగైదు కిలోలకి, ఆ తర్వాత మొత్తం పన్నెండున్నర కిలోలకి. 125 గ్రాములని ఒకేసారి గుట్టలో పోసి పారతో తిప్పితే ఒక సంచికి పసుపంతా వెళ్ళి ఇంకో సంచికి ఏమీ వెళ్ళదు. నూనె తీసిన తవుడు పొడిపొడిగా ఉంటుంది కాబట్టి నూనెని బాగా పీల్చుకుంటుంది. తర్వాత 300 గ్రాముల నూకతో కాచిన నాలుగు లీటర్ల గంజి చల్లార్చి, వెల్లుల్లి ముద్ద అందులో కలిపి, మేతలో పోసి పిసకాలి. గుప్పిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. ఈ ముద్దని సంచుల్లో అడుగున వేసి, మిగతా మామూలు మేత పైన పొయ్యాలి. చేప తినేది కింది నుంచి కదా, ఆకలి మీద ఉన్నప్పుడు మొదట మందు మేతే నోటికి వస్తుంది. అన్ని సంచులకీ సమానంగా పంచండి. రెండు మూడు సంచులకే పెడితే బలమైన చేపలు అక్కడ చేరి బలహీనమైనవాటిని రానివ్వవు. రక్షణ కావాల్సింది ఆ బలహీనమైనవాటికే.

పట్టించింది నిలుస్తోందో లేదో తేల్చడానికి ల్యాబు అక్కర్లేదు. ఒక తెల్ల ప్లాస్టిక్ బేసినులో రెండు లీటర్ల చెరువు నీళ్ళు తీసుకుని గుప్పెడు మందు మేత వెయ్యండి, కదపొద్దు. పొడిగా కలిపినదైతే నిమిషం తిరక్కుండానే మేత చుట్టూ పసుపు మబ్బు లేస్తుంది, ఐదు నిమిషాలకి బేసిను అంతా పచ్చబడి అడుగు కనిపించదు. నూనె, గంజి సరిగా పట్టినదైతే పది నిమిషాలకి కూడా అడుగు తెల్లగానే కనిపిస్తుంది, ముద్ద అంచున సన్నటి పసుపు గీత ఒకటి తప్ప. నీటి పైన చిన్న చిన్న నూనె చుక్కలు తేలితే పర్వాలేదు. పెద్ద తెట్టులా తేలితే నూనె ఎక్కువైందని అర్థం, మర్నాడు 50 మిల్లీలీటర్లు తగ్గించండి. మనిషి మారినప్పుడల్లా ఈ పరీక్ష చెయ్యాలి, పిసికే చెయ్యి మారితే ఫలితం మారుతుంది.

కలిపిన మేత ఆ పూటదే. మన డెల్టా గాలిలో తేమకి తడి మేత తెల్లారేసరికి పులిసి బూజు పడుతుంది. వేరుశనగ చెక్క, పత్తి చెక్కల మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం విడుస్తుంది. అది చేప కాలేయాన్ని తినేస్తుంది, ఒంటి రక్షణని కిందికి లాగుతుంది. అంటే వెల్లుల్లి దేనికి పెట్టామో సరిగ్గా దానికి ఎదురు పని. నిల్వ మేత గోదాములో కింద చెక్క బల్లలు వేసి, గోడకి అడుగు దూరంలో బస్తాలు పేర్చడం కూడా ఈ చికిత్సలో భాగమే. గడ్డకట్టిన చెక్క, ముక్క వాసన వేసే తవుడు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఎప్పుడు

15 నుంచి 20 రోజులు పెట్టి, కనీసం 10 రోజులు ఆపాలి. ఏడాదంతా పెట్టనక్కర్లేదు. దీపావళికి కాస్త ముందు ఒక కోర్సు మొదలుపెడితే నీళ్ళు చల్లబడేనాటికి పూర్తవుతుంది. సంక్రాంతికి ముందు, చేప ఇంకా తింటున్న చెరువుల్లో, రెండోది. తొలకరికి ముందు, జూన్ మొదట్లో ఒకటి. ఆ రోజులు చెరువుకి అన్నివైపుల నుంచీ దెబ్బే. ఎండాకాలంలో కాలువలు కట్టేశాక నీరు మార్చే వీల్లేక నెలన్నర పాటు అదే నీటిలో మలమూత్రాలు, మిగిలిన మేత పేరుకుంటాయి, నీరు చిక్కటి పచ్చగా అవుతుంది. ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలాక కాలువలో వచ్చే మొదటి నీరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. తర్వాత వరిచేల మురుగు డ్రెయిన్లలోకి, డ్రెయిన్లలోంచి చెరువుల్లోకి. వల లాగి సైజుల వారీగా పిల్ల మార్చాలనుకుంటే దానికి రెండు వారాల ముందు నుంచి పెట్టడం కూడా మంచి సమయం, గీతలు పడ్డ చేప త్వరగా తేరుకుంటుంది.

ముసురు పట్టిన రోజు మందు మేత పెట్టొద్దు, మామూలు మేత కూడా సగానికి తగ్గించండి. ఎండ లేక నాచు ఆక్సిజన్ ఇవ్వదు, తెల్లవారుజామున చేప తేలుతుంది. ఆక్సిజన్ చాలని చేప తిన్నది అరిగించుకోలేదు, పైగా గంజి, నూనె కలిసిన మిగులు మేత నీళ్ళని ఇంకా పాడుచేస్తుంది. కోర్సు మధ్యలో రెండు రోజులు ఆగినా నష్టం లేదు, ఆ రెండు రోజులు చివర కలుపుకోండి.

పేను పడ్డ చెరువుకి వెల్లుల్లి మేత పెట్టి పోతుందిలే అని కూర్చోవడం పెద్ద పొరపాటు. పేను రక్తం పీల్చేది బయటి నుంచి. అది గుడ్లు పెట్టేది గట్టి వస్తువుల మీద, వెదురు కర్రలు, రాళ్ళ మీద. చెరువులో అక్కడక్కడా వెదురు తడికలు నిలువుగా దించి, వారానికోసారి తీసి గట్టు మీద బాగా ఎండబెట్టి గుడ్లు గీకెయ్యడం ఖర్చులేని పని. మేత సంచుల కర్రలని కూడా మార్చి మార్చి ఎండబెట్టాలి. ఎర్ర కురుపుల జబ్బుకి మూలం ఒక బూజు, అది కండలోకి దిగుతుంది. దానికి సున్నం, భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలో ఉన్న సీఫా (కేంద్ర మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ) తయారుచేసిన సీఫాక్స్ అనే మందు ఉన్నాయి. సీఫాక్స్ అయితే మీటరు లోతు నీళ్ళకి హెక్టారుకి లీటరు. ఇలాంటివాటికి మూలిక తోడు మాత్రమే.

ఇంత శ్రమ ఎందుకు, ఒక ఆంటీబయోటిక్ పొట్లం కలిపితే పోదా అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపల్లో వాడటం నిషేధం. మిగతావి కూడా తోచినట్టు వాడుతూపోతే ఏరోమోనాస్‌కి అవి అలవాటైపోయి నిజంగా అవసరమైన రోజున పనిచెయ్యవు. మన చేప ఐసు లారీల్లో బెంగాల్, అస్సాం దాకా వెళ్తుంది. 2018లో చేప పాడవకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలుపుతున్నారన్న గొడవ వచ్చినప్పుడు అస్సాం మన చేపని కొన్నాళ్ళు రానివ్వకపోతే ఇక్కడ చెరువు గట్టు ధర ఏమైందో ఎవరూ మర్చిపోలేదు. కొనేవాడి నమ్మకం పోతే ఒక చెరువు కాదు, జిల్లా అంతా నష్టపోతుంది.

అదే కారణంగా "హెర్బల్" అని రాసి ఉన్న డబ్బాలని కూడా కళ్ళు మూసుకుని కొనకండి. ఏ మొక్క, ఏ భాగం, ఎంత శాతం, తయారీ తేదీ ఏమిటి అన్న నాలుగూ డబ్బా మీద ఉండాలి. "పదికి ఒకటి" సారం అని ఉంటే పది కిలోల ఆకు నుంచి కిలో సారం తీశారని అర్థం, అప్పుడు ఆకు పొడి డోసులో పదో వంతే వెయ్యాలి. రెండు రోజుల్లో జబ్బు మాయం అని చెప్పే డబ్బా విషయంలో ఆంటీబయోటిక్ కలపలేదని ల్యాబ్ రిపోర్టు అడగండి. మూలికలు రెండు రోజుల్లో పనిచెయ్యవు.

రెండు చెరువులుంటే ఒకదానికి పెట్టి ఒకదానికి మామూలు మేతే ఉంచండి, పిల్లా సాంద్రతా ఒకటే అయితే ఇంకా మంచిది. పది రోజులకోసారి రెండింట్లోనూ పదేసి చేపలు పట్టి మొప్ప మూత ఎత్తి చూడండి. ఎర్రగా, శుభ్రంగా ఉందా, పాలిపోయి జిగురు కారుతోందా. తోక అంచు, రెక్కల మొదళ్ళు, కడుపు కింద ఎరుపు. చేసిన రోజే నోటుబుక్కులో రాయండి, ఆ రోజు మేత ఎన్ని కిలోలు తిన్నదో, సంచుల్లో ఎంత మిగిలిందో కూడా. మందు మేత పెట్టిన చెరువులో మిగులు వరుసగా మూడు రోజులు పెరిగితే ఘాటు ఎక్కువైంది, వెల్లుల్లిని మూడో వంతు తగ్గించండి.

పట్టుబడికి వారం పది రోజుల ముందు మూలికల మేత ఆపేసి మామూలు మేతకి వచ్చెయ్యాలి. ఆఖరి రోజు ఎలాగూ మేత ఉండదు, ఖాళీ కడుపుతో ఉన్న చేపే ఐసులో ఎక్కువ రోజులు నిలుస్తుంది.